నడిమి పార్టీ నాలుగో నియమం

సమన్వయ పక్షం కార్యాలయం,
టైలరు షాపు మేడమీద,
జనవరి 12

అక్కా,

పార్టీ పుట్టింది. నిన్న సాయంత్రం, ఇరవై ఏడుగురి సమక్షంలో. అందులో ఇద్దరు కింద టైలరుకి కొలతలివ్వడానికి వచ్చి, పొరపాటున ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేసినవాళ్లు. అయినా చివరిదాకా కదలకుండా కూర్చున్నారు కాబట్టి వాళ్లకీ హాజరు వేసి, సభ్యత్వం ఇచ్చేశాను.

ఎగువ పార్టీవాళ్లూ దిగువ పార్టీవాళ్లూ ఇరవై ఏళ్లుగా సభలో ఒకరి మాట ఒకరు విన్న పాపాన పోలేదు. వాళ్లు కట్టిన వంతెనకి వీళ్లు రోడ్డు వేయరు. మధ్యలో నిలబడి ఇద్దరి మాటా వినేవాళ్లు కొందరైనా ఉండాలన్నదే మా సిద్ధాంతం. అధ్యక్షుడు మా హెడ్మాస్టరుగారు, నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన ఆయనే. ఉపాధ్యక్షురాలు లాయరమ్మ. కార్యదర్శిని నేను. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం మానేశాను. ఈ సంగతి బావగారికి నువ్వే మెల్లగా చెప్పు.

ఎన్నికల గుర్తుగా తక్కెడ అడిగితే ముక్కాలిపీట ఇచ్చారు. పీట కూడా సమతూకంగానే నిలబడుతుందని హెడ్మాస్టరుగారు అందరినీ సముదాయించారు.

నియమావళి నేనే రాశాను. నాలుగో నియమం నీకు నచ్చుతుంది. మా పార్టీలో ఎవరైనా సరే, తన మాట చెప్పే ముందు అవతలివాళ్ల మాట చెప్పాలి. "అవును, మేమన్నది ఇదే" అని వాళ్లు తల ఊపేదాకా చెప్పాలి. ఆ తర్వాతే తన మాట. ప్రపంచంలో ఏ పార్టీకీ ఇలాంటి నియమం లేదని లాయరమ్మ అంది. మెచ్చుకుందనే అనుకుంటున్నాను.

నీ తమ్ముడు


ప్రసూతి వార్డు, నర్సుల గది,
జనవరి 20

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావకి మెల్లగానే చెప్పాను. ఆయన బస్సు హారన్ కొట్టినట్టు ఒక్కసారి అరిచి, తర్వాత అన్నం తిన్నారు. నువ్వు ఉద్యోగం మానేసినందుకు కాదట. "గోడమీద పిల్లులకి మళ్లీ పార్టీ ఎందుకే, గోడ చాలదా?" అన్నారు. ఆయన ఎగువ పార్టీ మనిషని నీకు తెలుసు. డ్రైవర్ల సంఘమంతా అటే.

నాలుగో నియమం నువ్వేదో కనిపెట్టినట్టు రాశావు. అది అమ్మ పెట్టింది. మనిద్దరం దుప్పటి కోసం కొట్టుకుంటే, "ముందు అక్క ఏమంటోందో నువ్వు చెప్పు, తర్వాత నీ గొడవ చెప్పు" అనేది. నువ్వు బుద్ధిగా నా మాట చెబుతూ కూర్చునేవాడివి. ఈలోపు నేను దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. నీకు ఇంకా అర్థం కాలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

వార్డులో అన్నీ మామూలే. పన్నెండు మంచాలు, పదమూడుమంది. ఒకామెని నా కుర్చీలో కూర్చోబెట్టి, నిలబడి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్క


కార్యాలయం, మేడమీద,
మే 9

అక్కా,

ఫలితాలు రేడియోలో వినే ఉంటావు. దిగువ పార్టీకి యాభై, ఎగువ పార్టీకి నలభై ఎనిమిది, మాకు మూడు. మన ఊరి నుంచి నేను, పక్క రెండు ఊళ్ల నుంచి హెడ్మాస్టరుగారూ లాయరమ్మా. నూట ఒక్కమంది సభలో మేం ఎటు చెయ్యెత్తితే అటే నెగ్గుతుంది. నిన్నటిదాకా మమ్మల్ని నడిమి పార్టీ అని నవ్వినవాళ్లు ఇవాళ మెట్లెక్కి వచ్చి ముక్కాలిపీటలు బహుమానంగా ఇస్తున్నారు. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. కూర్చోవడానికి కుర్చీలు మాత్రం లేవు.

మీ వార్డులో పుట్టిన పిల్లల తల్లులు చాలామంది నాకు ఓటు వేశారట. "అక్కగారి తమ్ముడు" అని. నా సిద్ధాంతం చూసి వేశారేమోనని నలుగురిని అడిగాను. నలుగురూ అక్కగారి తమ్ముడనే అన్నారు.

బావగారు నాకు ఓటు వేయలేదని విన్నాను. అయినా ముసలివాళ్లను ఊరికే బస్సులో ఎక్కించుకుని పోలింగుకి తెచ్చారట. నా తరఫున కృతజ్ఞతలు చెప్పు.

నీ తమ్ముడు


ప్రసూతి వార్డు,
జులై 3

తమ్ముడూ,

ముందు మంచి కబురు. అమ్మాయికి నెల తప్పింది. ఫిబ్రవరిలో కాన్పు. నువ్వు తాతవి కాబోతున్నావు. అల్లుడు పట్నం ఆసుపత్రి అంటున్నాడు కానీ, ఊరందరికీ పురుడు పోసి నా కూతుర్ని అరవై కిలోమీటర్లు పంపిస్తానా? నా చేతులమీదే.

ఇప్పుడు రెండో కబురు. ఏడాదికి మూడువందల కంటే తక్కువ కాన్పులయ్యే వార్డులన్నీ మూసేసి, పట్నం పెద్దాసుపత్రిలో కలిపేస్తారట. మావి కిందటేడు రెండువందల పన్నెండు. కాగితం ఇంకా రాలేదు గానీ, మంచాలు కొలవడానికి ఒక మనిషి వచ్చి వెళ్లాడు. టేపు మన తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టాడు. అంటే సామాను బయటికి వెళ్లే దారి కొలిచాడన్నమాట.

నేను నిన్ను ఇప్పటిదాకా ఏమీ అడగలేదు. ఎన్నికల్లో నీ పేరు నా నోటితో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పంతొమ్మిదేళ్ల నుంచి ఈ వార్డులోనే ఉన్నాను. దీన్ని మూయనివ్వకు.

అక్క


కార్యాలయం,
ఆగస్టు 17

అక్కా,

తాతనయ్యే కబురు హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన నాకు లెక్కల్లో ఇచ్చిన మార్కులు గుర్తుచేసుకుని, "అప్పుడే తాతవా" అన్నారు.

వార్డుల బిల్లు అక్టోబరులో వస్తుంది. ప్రభుత్వంలో ఉన్న దిగువ పార్టీవి యాభై ఓట్లు. ఎగువ పార్టీ నలభై ఎనిమిదీ వద్దంటారు. మేం ముగ్గురం వద్దంటే బిల్లు పోయినట్టే. మా పార్టీ తరఫున మాట్లాడేది నేనే. నువ్వు బెంగపడకు.

ఒక్క సాయం చెయ్యాలి. నాలుగో నియమం ప్రకారం ముందు ప్రభుత్వం మాట నేను నిజాయితీగా చెప్పాలి. చిన్న వార్డుల్లో ఉన్న లోపమేమిటో నీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఉన్నదున్నట్టు రాయి. అవతలి మాట ఎంత గట్టిగా చెబితే దానికిచ్చే జవాబు అంత గట్టిగా నిలబడుతుంది.

నీ తమ్ముడు


ప్రసూతి వార్డు,
సెప్టెంబరు 6

తమ్ముడూ,

రెండు పేజీలు రాస్తున్నాను. మొదటిది వాళ్లది. రెండోది మనది.

డాక్టరమ్మ మంగళవారం, శుక్రవారం వస్తుంది. మిగతా అయిదు రోజులూ నేనే. రక్తం నిలవ ఉండదు. కిందటి ఏడు బేకరీలో పనిచేసే అమ్మాయి రెండో కాన్పుకి వచ్చింది. బుధవారం. బిడ్డ చక్కగా పుట్టాడు. తర్వాత రక్తం ఆగలేదు. నాకు తెలిసినవన్నీ చేశాను. బండి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. నేనూ ఎక్కాను. సగం దారిలో ఆ పిల్ల, "అక్కా, నాకు చలేస్తోంది, కిటికీ వెయ్యండి" అంది. కిటికీ వేసే ఉంది. పట్నం చేరేసరికి నా చేతిలో చెయ్యి ఉంది, మనిషి లేదు. పెద్దాసుపత్రిలో అయితే బతికేది. ఇది మీ బావకి కూడా పూర్తిగా చెప్పలేదు. నీకు చెబుతున్నాను, నీ దగ్గరే ఉండనీ.

ఇక మనది. పంతొమ్మిదేళ్లలో నాలుగువేల మూడువందల కాన్పులు. పోయిన తల్లులు ముగ్గురు. కష్టమనిపించినవాళ్లను ముందే పట్నం పంపుతాం, కిందటేడు తొమ్మిదిమందిని పంపాం, తొమ్మిదిమందీ తిరిగొచ్చారు. ఇటుకబట్టీల ఆడవాళ్లు నొప్పులు మొదలయ్యాక నడిచొస్తారు. వాళ్లకి అరవై కిలోమీటర్లంటే వేరే దేశం. వార్డు మూస్తే వాళ్లు పట్నం వెళ్లరు, దారిలో కంటారు. దారిలో నేనుండను. పోయిన వానల్లో రోడ్డు పదకొండు రోజులు మునిగింది. ఆ పదకొండు రోజుల్లో ఏడుగురు పిల్లలు ఇక్కడ పుట్టారు. ఏడుగురూ ఇప్పుడు పాకుతున్నారు.

ఈ రెండో పేజీ గట్టిగా చదువు. నీ గొంతు మొదటినుంచీ చిన్నది.

అక్క


కార్యాలయం,
అక్టోబరు 15

అక్కా,

బిల్లు నెగ్గింది. తేడా తక్కువే. చర్చ మర్యాదగా జరిగిందని పత్రికలు రాశాయి. అమ్మాయి ఒంట్లో ఎలా ఉంది? ఇక్కడ వానలు.

నీ తమ్ముడు


ప్రసూతి వార్డు,
అక్టోబరు 22

తమ్ముడూ,

ఇక్కడా వానలే.

యాభై రెండు, నలభై తొమ్మిది అని రేడియోలో చెప్పారు. అంటే మీ ముగ్గురిలో ఇద్దరు అటు, ఒకరు ఇటు. ఆ ఒక్కరూ ఎవరో రేడియోవాడు చెప్పలేదు. నువ్వేనని మీ బావతో పందెం వేశాను. ఆయన పందెం కాయకుండా లేచి బూట్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన అరవకపోతే నాకు భయమని తెలుసుగా.

ఒక్క ముక్కలో రాయి.

అక్క


కార్యాలయం,
నవంబరు 2

అక్కా,

ఆ ఒక్కరు లాయరమ్మ.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. మా పార్టీకి పన్నెండు నిమిషాలిచ్చారు. నియమం ప్రకారం ప్రభుత్వం మాటతో మొదలుపెట్టాను. మూడో నిమిషానికి అంకెలన్నీ చెప్పి ఆరోగ్య మంత్రి వైపు చూశాను. ఆయన తల ఊపలేదు. "బాగానే ఉంది గానీ ఇంకా పూర్తిగా రాలేదండీ" అన్నారు. డాక్టర్ల కొరత చెప్పాను. ఊపలేదు. రక్తం నిలవ సంగతి చెప్పాను. "దగ్గరికొచ్చారు" అన్నారు. తొమ్మిదో నిమిషం దాటింది. అప్పుడు నీ ఉత్తరం తీసి మొదటి పేజీ చదివాను. ఊరు చెప్పలేదు, నీ పేరు చెప్పలేదు. కిటికీ మాట దగ్గర సభలో ఎవరూ దగ్గలేదు. నా గొంతు చిన్నదన్నావు, ఆ రోజు అందరికీ వినిపించింది.

పన్నెండో నిమిషంలో మంత్రిగారు తల ఊపారు. నేను మొదటి పేజీ మడిచి రెండో పేజీ విప్పాను. సభాపతి గంట కొట్టారు. ఒక్క నిమిషం అడిగాను. "మీ సమయం మీరే వాడుకున్నారు కదా" అన్నారు. అది నిజమే.

నీకు ఏడో నియమం ఎప్పుడూ రాయలేదు. సభలో విన్నదాన్ని బట్టే ఓటెయ్యాలి, ఇంటి నుంచి తెచ్చుకున్న అభిప్రాయంతో వెయ్యకూడదు. బంధుప్రీతి రాకూడదని రాసుకున్నాం. సభలో వినిపించింది మొదటి పేజీ ఒక్కటే. హెడ్మాస్టరుగారు కళ్లు తుడుచుకుని బిల్లుకి చెయ్యెత్తారు. లాయరమ్మ, "నీ నియమం ఏట్లో కలవనీ" అని వ్యతిరేకంగా ఎత్తింది. నా ఒక చేతిలో రెండో పేజీ ఉంది. రెండో చెయ్యి బిల్లుకి ఎత్తాను.

నా ఓటు లేకపోయినా నెగ్గేది.

నీ తమ్ముడు


ప్రసూతి వార్డు,
డిసెంబరు 28

నీ ఉత్తరం వచ్చి యాభై రోజులైంది. జవాబు రాయకూడదనే అనుకున్నాను.

నీ ఓటు లేకపోయినా నెగ్గేదన్నావు. మరి ఎందుకు వేశావు? ఊరికే ఉన్న చేతిని ఎత్తడమెందుకు? అది నా మీద ఎత్తినట్టే ఉంది నాకు.

నువ్వు ఊరు చెప్పకపోతే ఏమైంది? పోయిన నెల సభ ప్రసంగాలు రేడియోలో మళ్లీ వేస్తే బేకరీ పిల్ల వాళ్లమ్మ విన్నది. కిటికీ మాట ఆవిడకి నేను ఎప్పుడూ చెప్పలేదు. మర్నాడు వచ్చి వార్డు గుమ్మంలో నిలబడి, "చలేసిందా దానికి?" అని అడిగింది. ఏం చెప్పమంటావు?

నిన్న మంచాలు తీసుకెళ్లారు. పన్నెండూ తలుపులోంచి ఇట్టే వెళ్లాయి, కొలతలు సరిగ్గానే తీశాడు. నాకు పట్నం పెద్దాసుపత్రికి బదిలీ. పొద్దున్న మీ బావ నడిపే మొదటి బస్సులో వెళ్లి, సాయంత్రం అదే బస్సులో రావాలి.

నాకు ఉత్తరాలు రాయకు.


సర్వే ఆఫీసు, పటాల గది,
జనవరి 30

అక్కా,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరమనుకోకు, పార్టీ సభ్యుల బంధువులకు పంపే సమాచారమనుకో.

పార్టీ రద్దయింది. ఏడాదీ పంతొమ్మిది రోజులు బతికింది. బిల్లు నెగ్గిన వారానికే లాయరమ్మ ఎగువ పార్టీలోకి వెళ్లింది. కొత్త సంవత్సరంలో హెడ్మాస్టరుగారు దిగువ పార్టీలో చేరారు. ఇద్దరూ వెళ్లే ముందు, నేను ఎందుకు ఉండిపోతున్నానో నాకు చెప్పి, నేను తల ఊపాకే వెళ్లారు. రెంటికీ చెడ్డ రేవణ్ని నేనొక్కణ్నే మిగిలాను. రద్దు తీర్మానానికి కనీసం ఇద్దరుండాలి. మొదటిరోజు పొరపాటున మెట్లెక్కిన ఇద్దరిలో ఒకాయన ఇంకా సభ్యుడేనని రిజిస్టరులో తేలింది. పిలిస్తే వచ్చాడు. నియమం ప్రకారం పార్టీ ఎందుకు బతకాలో ముందు నేను చెప్పాను. ఆయన మొదటి వాక్యానికే తల ఊపాడు. టైలరు దగ్గర పనుందట.

సభలో నా సభ్యత్వానికి కూడా రాజీనామా ఇచ్చాను. పీటలన్నీ టైలరు తీసుకున్నాడు. సర్వే ఆఫీసువాళ్లు దయతలచి పాత బల్లే ఇచ్చారు. మొదటి పని మన ఊరి పటం సరిచెయ్యడం. మీ వార్డు చోట ఎర్ర రంగులో ఆసుపత్రి గుర్తు ఉంటుంది. పదిహేనేళ్ల కిందట నేనే పెట్టాను. ఇప్పుడు చెరపమన్నారు. బ్లేడుతో గీకాను. రంగు పోయింది గానీ కాగితం చిరిగింది.

నియమం రాసినప్పుడు నాకు న్యాయంగా ఉండాలనిపించింది. న్యాయంగా ఉన్నానని అందరూ అంటున్నారు. అక్కా, నేను తప్పు చేశాను. నియమం వెనక దాక్కుని నీకు అన్యాయం చేశాను. నువ్వు తిట్టినా బాగుండు.

నీ తమ్ముడు


పెద్దాసుపత్రి, నాలుగో అంతస్తు,
మార్చి 1

తమ్ముడూ,

తిట్టడానికి ఖాళీ లేకపోయింది.

అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, ఫిబ్రవరి ఆరున. ఇది రాయడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకో చెబుతాను. మన వార్డు లేదు కదా అని నాలుగు రోజులు ముందే తెచ్చి ఇక్కడ చేర్చాం. నొప్పులు మొదలైన గంటకి బొడ్డుతాడు ముందుకు జారింది. తాడు నొక్కుకుపోతే బిడ్డకి ఊపిరందదు. వెంటనే కోసి తియ్యాలి, వేరే దారి లేదు. ఆపరేషన్ గది ఎదురుగానే ఉంది. పదకొండు నిమిషాల్లో బిడ్డని తీశారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నర్సుని, గడియారంలో నిమిషాలు లెక్కపెట్టాను.

మన వార్డు ఉండి ఉంటే దాన్ని అక్కడే ఉంచేదాన్ని. ఎవరు చెప్పినా పట్నం పంపేదాన్ని కాదు. నా చేతులమీదే అనుకున్నాను కదా. నా చేతులమీదే పోయేది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నీకు చెప్పడమే అన్నిటికంటే కష్టంగా ఉంది.

రెండోది కూడా రాస్తాను. ఫిబ్రవరి పంతొమ్మిదిన పొద్దున్న బస్సులో ఇటుకబట్టీ అమ్మాయి ఒకతె ఎక్కింది. పట్నం వస్తోంది, పాపం, ప్రభుత్వం చెప్పినట్టే. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర నొప్పులు ఆగలేదు. మీ బావ బస్సు పక్కకి తీసి మగవాళ్లందరినీ దింపేశారు. బిడ్డ కాళ్లు ముందుగా వచ్చాయి. బయటికి తెచ్చాను. ఊపిరి తీసుకోలేదు. మన వార్డులో అయితే నా వెనక గోడకే గాలి కొట్టే సంచీ వేలాడుతుండేది. బస్సులో నా నోరు తప్ప ఏమీ లేదు. అరగంట ఊదాను. ఇక చాలని మీ బావే నా భుజం పట్టుకుని లేపారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి కొలవకు. నీకు ఆ బుద్ధి ఉందని నాకు తెలుసు. నేనూ పెట్టి చూశాను. ఒకవైపు నా మనవరాలుంటే ఇంక అది తూకం కాదురా.

నీ మీద కోపం పోలేదు. నువ్వు వేసిన ఓటు తప్పని ఇప్పుడు గట్టిగా అనలేకపోతున్నాను, అందుకు ఇంకా కోపంగా ఉంది.

ఆ బట్టీ అమ్మాయిని ఇక్కడే మూడు రోజులు ఉంచారు. మంచం పక్కన కూర్చున్నాను. వెళ్లిపోయే రోజు నన్ను అడిగింది, "ఓటేసింది మీ తమ్ముడేనట కదా?" అని. కాదంటే అక్కడితో అయిపోయేది. ఆ పిల్ల మళ్లీ ఎవర్నీ అడగదు. "అవునమ్మా, మా తమ్ముడే" అన్నాను. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మనవరాల్ని చూడ్డానికి రా. బట్టీల దగ్గర మూడో ఇల్లు ఆ పిల్ల వాళ్లది. ముందు అక్కడికి వెళ్లి, తర్వాత మా ఇంటికి రా.

అక్క